‘పరిశోధనలో తేలింది’ అంటే ఏం తేలినట్టు? మూలికా వైద్యంపై అధ్యయనాలను చదివే పద్ధతి

కామెర్లు వస్తే నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి తాగించడం తెలుగు పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే. ఈమధ్య ఆ మాటకు ఒక తోక వచ్చి చేరింది: ‘ఇది పరిశోధనల్లోనూ రుజువైంది’. అశ్వగంధ డబ్బా మీదా, పసుపు క్యాప్సూళ్ల ప్రకటనలోనూ, చుట్టాల వాట్సాప్ గ్రూపులోనూ ఇదే తోక. ఏ పరిశోధన, ఎవరి మీద చేశారు, ఎంత మోతాదు ఇచ్చారు అని అడిగితే మాత్రం ఎదుటివారు మాట మార్చేస్తారు.

ఆ జవాబు మీరే వెతుక్కోవచ్చు. వైద్య పట్టా అక్కర్లేదు. ఇంటర్నెట్ ఉన్న ఫోను, ఒక కాగితం, గంటసేపు ఓపిక చాలు. పరిశోధనా పత్రాలు ఆంగ్లంలో ఉంటాయి కాబట్టి కష్టమనిపిస్తే కాలేజీలో చదువుకునే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. ఈ వ్యాసంలో నేల ఉసిరినే ప్రధాన ఉదాహరణగా తీసుకుంటున్నాను. దాని మీద నిజంగానే పెద్ద పరిశోధన జరిగింది, పేరున్న పత్రికలో అచ్చయింది, ఆ తర్వాత కథ అడ్డం తిరిగింది.

మొదటి మెట్టు: విన్న మాటను కాగితం మీద పెట్టండి

‘నేల ఉసిరి కామెర్లకు మంచిది’. ఈ వాక్యాన్ని పరీక్షించడం ఎవరి తరమూ కాదు. దీన్ని ఐదు ఖాళీలుగా విడగొట్టండి. ఏ మొక్క? అందులో ఏ భాగం? ఏ రూపంలో, ఎంత, ఎన్నాళ్లు? ఎవరికి? ఏ ఫలితం?

నాలుగో ఖాళీ దగ్గరే చాలా మాటలు కూలిపోతాయి. కామెర్లు జబ్బు పేరు కాదు, లక్షణం. రక్తంలో బిలిరుబిన్ అనే పచ్చ పదార్థం పెరిగితే కళ్లు పచ్చబడతాయి. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ వైరస్‌లు కావచ్చు. రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు సోకే హెపటైటిస్-బి వైరస్ కావచ్చు. మద్యం వల్ల పాడైన కాలేయం కావచ్చు. పిత్తనాళంలో అడ్డుపడిన రాయి కావచ్చు. ఎర్ర రక్తకణాలు త్వరగా విచ్ఛిన్నం కావడం కావచ్చు. రాయి అడ్డుపడినవాడికీ, కలుషిత నీరు తాగినవాడికీ ఒకే పసరు పోసి ఇద్దరిలోనూ ఒకే ఫలితం ఆశించడంలో అర్థం లేదు. కాబట్టి ‘కామెర్లు’ కొట్టేసి ‘హెపటైటిస్ బి వైరస్‌ను దీర్ఘకాలంగా మోస్తున్న పెద్దవారు’ అని రాయండి. ఇప్పుడు వెతకడానికి ఒక ప్రశ్న దొరికింది.

రూపం సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. పసరు, కషాయం, చూర్ణం, లేహ్యం, క్యాప్సూల్‌లోని గాఢ సారం రసాయనికంగా ఒకటి కావు. చైనా శాస్త్రవేత్త తూ యూయూ బృందం 1971లో మలేరియాకు చింగ్‌హావ్ అనే మొక్కను పరీక్షిస్తున్నప్పుడు మామూలు పద్ధతిలో తీసిన సారం నిలకడగా పనిచేయలేదు. నాలుగో శతాబ్దానికి చెందిన గె హోంగ్ గ్రంథంలో ఆ మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి రసం తాగమని ఉంది, కాచమని లేదు. వేడికి మందు చెడిపోతోందేమోనని ఆమె తక్కువ వేడిలోనే మరిగే ఈథర్‌తో సారం తీశారు. అదే ఆర్టెమిసినిన్‌కు దారితీసింది, 2015లో నోబెల్ తెచ్చింది. అదే మొక్కను కాచిన కషాయం గురించి ఆ పరిశోధన చూపించి గొప్పలు చెప్పడం కుదరదు.

రెండో మెట్టు: మొక్క అదేనా?

శాస్త్రీయ నామం రాసుకోండి. మన ఊళ్లో నేల ఉసిరి అని పిలిచేదాన్ని వృక్షశాస్త్రజ్ఞులు ఫిల్లాంథస్ అమారస్ అంటారు. పాత భారతీయ గ్రంథాల్లో చాలాచోట్ల అదే మొక్కను ఫిల్లాంథస్ నిరురి అని రాశారు. అసలు నిరురి అమెరికా ఖండాలకు చెందింది. ఫిల్లాంథస్ యూరినేరియా అనే మరొకటి కూడా చూడటానికి దీనిలాగే ఉంటుంది. పొలం గట్టు మీద ఆకు కింద వరసగా కాయలు కనిపించగానే పీక్కొచ్చేవారికి ఈ తేడాలు తెలియవు. శాస్త్రవేత్తలకు మాత్రం తెలుసా అంటే, నేల ఉసిరిపై మొదట ప్రస్తావించిన ఆ పరిశోధనలోనే 1987 నాటి పత్రంలో మొక్క పేరు నిరురి అని, 1988 పత్రంలో అమారస్ అని ఉంది.

పేరు తప్పితే ఏమవుతుందో బెల్జియం చూసింది. 1990ల మొదట్లో బ్రసెల్స్‌లో బరువు తగ్గించే మాత్రల్లో వాడాల్సిన ఒక చైనా మూలికకు బదులు, పేరు దగ్గరగా ఉన్న అరిస్టొలోకియా జాతి మొక్క చేరింది. అవి వాడిన ఎందరో మహిళల మూత్రపిండాలు చెడిపోయాయి. ఆ తర్వాత కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది.

మనదేశంలో తిప్పతీగ వివాదం కూడా ఇలాంటిదే. కొవిడ్ కాలంలో రోగనిరోధక శక్తి పెరుగుతుందని ఇంటింటా తిప్పతీగ కాచుకుని తాగారు. 2021లో ముంబయి వైద్యులు కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించారు. 2022లో దేశంలోని పలు ఆసుపత్రుల నుంచి 43 మంది వివరాలు వెలువడ్డాయి. తిప్పతీగను పోలిన టైనోస్పోరా క్రిస్పా అనే వేరే తీగతో పొరబడి ఉండవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదించింది. ఈ వాదనలో ఎవరివైపు నిలబడినా, పెరట్లో తీగ కోసుకునేవారికి మిగిలే పాఠం ఒకటే: ఆ తీగ ఏదో ముందు తేల్చుకోవాలి. మంచి పరిశోధనా పత్రంలో మొక్కను ఎవరు గుర్తించారు, నమూనాను ఎక్కడ భద్రపరిచారు అన్న వాక్యం ఒకటి తప్పకుండా ఉంటుంది. అది లేని పత్రాన్ని అక్కడే పక్కన పెట్టినా నష్టం లేదు.

మూడో మెట్టు: అసలు పత్రం దగ్గరికి వెళ్లండి

వార్తలూ వీడియోలూ వద్దు. పబ్‌మెడ్ అనే ఉచిత వెబ్‌సైటు తెరిచి, మొక్క శాస్త్రీయ నామం, జబ్బు పేరు కలిపి కొట్టండి. వందల ఫలితాలు వస్తాయి, బెదిరిపోవద్దు. పక్కనున్న వడపోతలో ‘క్లినికల్ ట్రయల్’ (మనుషుల మీద ప్రయోగం), ‘సిస్టమాటిక్ రివ్యూ’ (అలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి చేసిన సమీక్ష) మాత్రమే ఎంచుకోండి. కుప్ప ఒక్కసారిగా చిన్నదైపోతుంది. ఎంతో గొప్పగా ప్రచారమైన మూలికల విషయంలో కూడా ఈ క్షణంలో మిగిలేవి నాలుగైదు పత్రాలే కావచ్చు. ఆ తగ్గుదల కూడా ఒక సమాచారమే.

మనదేశంలో జరిగే ప్రయోగాలకు మరో చోటు ఉంది. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా 2007లో మొదలైంది. ప్రయోగం మొదలుపెట్టక ముందే అందులో నమోదు చేసుకోవాలన్నది 2018 ఏప్రిల్ నుంచి నియమం. అక్కడ ‘ప్రైమరీ ఔట్‌కమ్’ అన్న గడి చూడండి. ఏం కొలుస్తామని పరిశోధకులు ముందుగా చెప్పారో అందులో ఉంటుంది. తీరా అచ్చయిన పత్రంలో వేరే కొలత గురించి గొప్పగా రాసి ఉంటే, మొదట అనుకున్నది ఫలించలేదేమోనని అనుమానించాల్సిందే. నమోదై ఏళ్లు గడిచినా ఫలితాలు బయటకు రాని ప్రయోగాలు కూడా అక్కడే కనిపిస్తాయి.

నాలుగో మెట్టు: గాజు పళ్లెమా, జంతువా, మనిషా?

నేల ఉసిరి ప్రయాణం పద్ధతిగానే మొదలైంది. ప్రయోగశాలలో దాని సారం హెపటైటిస్ బి వైరస్‌కు అవసరమైన ఎంజైమును అడ్డుకుంది. తర్వాత వుడ్‌చక్ అనే అమెరికా జంతువుల మీద పరీక్షించారు, వాటికి ఇలాంటి వైరస్సే సోకుతుంది కాబట్టి. ఈ రెండూ 1987 పత్రంలో ఉన్నాయి. మనుషుల మీద ప్రయోగం మరుసటి ఏడాది అచ్చయింది. ఈ వరసలో పత్రం ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడటమే ఇక్కడ మీ పని.

గాజు పళ్లెంలో కణాల మీద సారం పోస్తే క్యాన్సర్ కణాలు చచ్చిపోయాయన్న వార్త వారానికొకటి వస్తుంది. పళ్లెంలో సబ్బు నీళ్లు పోసినా చచ్చిపోతాయి. నోటితో మింగినది పేగు దాటి, కాలేయం దాటి, రక్తంలో ఆ మోతాదుకు చేరుతుందా అన్నదే ప్రశ్న.

పసుపు ఈ లెక్కలోనే చతికిలబడుతుంది. పసుపులో పనిచేసే పదార్థంగా చెప్పే కర్క్యుమిన్ సుమారు 3 శాతం. చెంచా పసుపు 3 గ్రాములనుకుంటే అందులో కర్క్యుమిన్ 90 మిల్లీగ్రాములు. ప్రయోగాల్లో వాడేది తరచుగా రోజుకు 500 నుంచి 2,000 మిల్లీగ్రాములు. 1,000 మిల్లీగ్రాములు కావాలంటే 33 గ్రాముల పసుపు, అంటే పదకొండు చెంచాలు తినాలి. తిన్నా రక్తంలోకి చేరేది అత్యల్పం. మిరియాలతో కలిపితే ఎక్కువగా చేరుతుందన్నది నిజమే. బెంగళూరు పరిశోధకులు 1998లో 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపెరిన్ (మిరియాల్లోని ఘాటు పదార్థం) ఇచ్చి చూపించారు. అయితే పైపెరిన్ పనితీరే శరీరం మందులను వదిలించుకునే దారిని నెమ్మదింపజేయడం. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవారి రక్తంలో ఆ మందు మోతాదు కూడా పెరగవచ్చు. చారులో మిరియాలు వేసుకోవడానికి భయపడాల్సిన పని లేదు, నా హెచ్చరిక క్యాప్సూళ్ల గురించి. 2017లో ఒక రసాయన శాస్త్ర పత్రికలో వచ్చిన విస్తృత సమీక్ష, కర్క్యుమిన్‌పై నూట ఇరవైకి పైగా మానవ ప్రయోగాలు జరిగినా తిరుగులేని విజయం ఒక్కటీ లేదని చెప్పింది. ఈ పదార్థానికి ఇంకో దుర్గుణం కూడా ఉందని ఆ సమీక్ష వివరించింది: ప్రయోగశాల పరీక్షల్లో చాలావాటిని ఇది తప్పుదోవ పట్టిస్తుంది, పనిచేయకపోయినా చేసినట్టు చూపిస్తుంది.

ఐదో మెట్టు: దేనితో పోల్చారు?

మిగతావి హడావిడిగా చదివినా సరే, ఇక్కడ మాత్రం ఆగండి.

హెపటైటిస్ ఏ సోకిన చాలామందికి కొద్ది వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. పెద్దయ్యాక బి వైరస్ కొత్తగా సోకినవారిలో కూడా నూటికి 95 మంది దాకా సొంత రోగనిరోధక శక్తితోనే బయటపడతారు. ఆ వారాల్లో ఎవరు ఏ పసరు పోసినా పేరు పసరుకే వస్తుంది. పసరు పోసే మనిషి అబద్ధం చెబుతున్నాడని దీని అర్థం కాదు. ఆయన కళ్లముందు వందలమంది బాగయ్యారు. పసరు తాగకపోతే వాళ్లలో ఎంతమంది బాగయ్యేవారో చూసే అవకాశం ఆయనకు లేదు, అంతే.

ఆ రెండో గుంపును తయారుచేయడమే క్లినికల్ ట్రయల్. ఒకే జబ్బు ఉన్నవారిని చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు మందు, మరో గుంపుకు చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మందు, అంటే ప్లాసిబో ఇస్తారు. ఎవరికి ఏది అందుతోందో రోగికీ, వైద్యుడికీ తెలియదు. నేల ఉసిరిపై మద్రాసులో జరిగిన ప్రయోగానికి రెండు గుంపులున్నాయి. 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. రచయితల్లో బరూచ్ బ్లంబర్గ్ ఒకరు. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త. ముప్పై రోజులు మందు ఇచ్చాక మందు గుంపులో 37 మందికి గాను 22 మంది రక్తంలో వైరస్ ఉపరితల యాంటీజెన్, అంటే వైరస్ ఉందని చూపే దాని పైపొర ప్రోటీన్, మాయమైంది. ప్లాసిబో గుంపులో 23 మందికి గాను ఒక్కరిలోనే. అంటే 59 శాతం, 4 శాతం.

ఈ అంకెలు చూసి ఎవరైనా ఎగిరి గంతేస్తారు. మీరు మాత్రం శాతాలు వదిలేసి వాటి వెనకున్న తలలు లెక్కపెట్టండి. ఒకవైపు 37, మరోవైపు 23. సమానంగా పంచితే ఇంత తేడా ఎందుకు వస్తుంది? చివరిదాకా ఉన్నవారినే లెక్కించారా? మధ్యలో మానేసినవారు ఏ గుంపులో ఎక్కువ, వారి ఫలితం ఏమిటి? మొత్తం అరవై మంది ఒక సంచలనానికి సరిపోతారా? రచయితలు కూడా దీన్ని ప్రాథమిక అధ్యయనమనే అన్నారు, ఇంకా పరిశీలించాలనే రాశారు. ఆ వినయం ప్రకటనల్లోకి రాలేదు.

మూలికలు కాని పద్ధతుల్లో ఉత్తుత్తి చికిత్స తయారుచేయడం మరీ కష్టం. ఆక్యుపంక్చర్‌కు ప్లాసిబో ఏమిటి? జర్మనీ పరిశోధకులు దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు సంప్రదాయం చెప్పిన బిందువుల్లో సూదులు, ఇంకో గుంపుకు బిందువులు కాని చోట్ల పైపైన సూదులు, మూడో గుంపుకు మామూలు వైద్యం. ఆరు నెలల తర్వాత మెరుగైనవారు వరసగా 47.6, 44.2, 27.4 శాతం. ఆక్యుపంక్చర్ మామూలు వైద్యం కన్నా మెరుగన్నవారికీ, బిందువుల సిద్ధాంతంలో పస లేదన్నవారికీ 2007 నాటి ఈ ఒక్క పత్రమే సాక్ష్యం. ఎవరితో పోల్చి మాట్లాడుతున్నారో చూడకపోతే ఇద్దరూ మిమ్మల్ని ఒప్పించేస్తారు.

ఆరో మెట్టు: ఏం కొలిచారు?

హైదరాబాద్‌లో అశ్వగంధ వేరు గాఢ సారంపై జరిగి, 2012లో అచ్చయిన ప్రయోగాన్ని ఇప్పటికీ ప్రపంచమంతా ఉదహరిస్తుంది. ఒత్తిడితో ఉన్న 64 మందికి 60 రోజులు. మందు గుంపువారికి 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు. ఒత్తిడి ప్రశ్నావళిలో మార్కులు తగ్గాయి, రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తగ్గింది. పద్ధతి బాగానే ఉంది. కానీ రెండు నెలల తర్వాత ఏమైందో అది చెప్పదు; పచారీ కొట్లో దొరికే చూర్ణం గురించి చెప్పదు; నిద్ర, మోకాళ్లు, సంతానం గురించి అసలే చెప్పదు. డబ్బా వెనక ఉన్న పది లాభాల్లో ఈ పత్రం మోయగలిగేది ఒక్కదాన్నే.

పత్రం చివర నిధులు ఎవరిచ్చారో, రచయితలకు ఏ కంపెనీతో సంబంధం ఉందో రాసి ఉంటుంది. కంపెనీ డబ్బు ఇచ్చినంత మాత్రాన పరిశోధన అబద్ధం కాదు. కానీ అన్ని పత్రాలూ ఒకే కంపెనీ సారం మీదే ఉంటే, ఇంకొకరి చేతుల్లో కూడా పనిచేసేదాకా ఆగడం మంచిది.

ఏడో మెట్టు: మళ్లీ చేసి చూశారా?

మద్రాసు ఫలితాన్ని ప్రపంచం పట్టించుకుంది. థాయిలాండ్‌లో చేసి చూశారు, న్యూజిలాండ్‌లో చేసి చూశారు. మద్రాసులో కనిపించినంత ఫలితం రాలేదు. మొక్క పెరిగే నేలను బట్టి గుణం మారుతుందేమోనన్న అనుమానంతో వేర్వేరు ప్రాంతాల మొక్కలను పోల్చి కూడా చూశారు. 2011లో వైద్య ప్రయోగాలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ సమీక్షకులు 16 ప్రయోగాలను ఒకచోట చేర్చి పరిశీలించి, దీర్ఘకాలిక హెపటైటిస్ బిలో ఫిల్లాంథస్ ప్లాసిబో కన్నా మేలని చెప్పడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చారు. లాన్సెట్ పత్రం తప్పుడుదని ఎవరూ అనలేదు. అది మళ్లీ నిలబడలేదు. వాట్సాప్‌లో ఇప్పటికీ తిరిగేది 1988 పత్రమే; 2011 సమీక్షను ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

గుగ్గులుదీ అదే దారి. కొలెస్టరాల్ తగ్గిస్తుందని మన దేశంలో అనుమతి కూడా పొందింది. 2003లో అమెరికాలో 103 మందిపై పరీక్షిస్తే, ఎనిమిది వారాల్లో ప్లాసిబో వారికి చెడు కొలెస్టరాల్ 5 శాతం తగ్గింది, గుగ్గులు సారం తీసుకున్నవారికి నాలుగైదు శాతం పెరిగింది. కొందరికి ఒంటిమీద దద్దుర్లు కూడా వచ్చాయి.

అలాగని ప్రతి మూలికా ఇలా వెనక్కి తగ్గదు. సర్పగంధ రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. ఇతర దేశాల వైద్యులూ పరీక్షించారు, ఫలితం నిలిచింది. 1952లో దాని నుంచి రిసర్పిన్ అనే మందు పదార్థాన్ని వేరుచేశారు. ఆ మందు నిజంగా పనిచేసింది కాబట్టే దాని దుష్ప్రభావాలు కూడా నిజంగానే బయటపడ్డాయి: ముక్కు దిబ్బడ, మగత, కొందరిలో దిగులు.

ఎనిమిదో మెట్టు: కీడు లెక్క

‘మొక్కే కదా, హాని చేయదు’ అనే మాటకు రిసర్పినే జవాబు. మూడు చోట్ల చూడండి.

ఒకటి, కల్తీ, లోహాలు. బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో అమ్మే 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే పద్నాలుగింటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించిందని 2004లో అమెరికా వైద్య సంఘం పత్రిక ప్రచురించింది. విదేశాల్లోని తెలుగువారు ఊరి నుంచి తెప్పించుకునే పొట్లాలకు కూడా ఇది వర్తిస్తుంది. ఆ బ్యాచ్ పరీక్షా నివేదిక చూపించమని అడగండి, చూపించలేకపోతే వదిలేయండి.

రెండు, మీరు వాడుతున్న మందులు. షుగర్ మాత్రలతోపాటు రోజూ కాకర రసం తాగితే చక్కెర మరీ పడిపోవచ్చు. అతిమధురం ఎక్కువకాలం వాడితే పొటాషియం తగ్గి రక్తపోటు పెరుగుతుంది. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ వాడేవారు ఏ సారాన్నీ వైద్యుడికి చెప్పకుండా మొదలుపెట్టకూడదు. అమెరికా, ఐరోపాల్లో దిగులుకు అమ్మే సెయింట్ జాన్స్ వర్ట్ గర్భనిరోధక మాత్రలనూ, అవయవ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్‌నూ పనిచేయనివ్వదు.

మూడు, కాలేయం. పసుపు గాఢ సారాలతో కూడా కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు ఇటలీ, అమెరికాల్లో నమోదయ్యాయి. ఏ మూలిక మొదలుపెట్టాకనైనా మూత్రం ముదురు రంగులోకి మారినా, అన్నం సయించకపోయినా, దురద మొదలైనా ఆపేసి రక్త పరీక్ష చేయించుకోండి. మందులతో కలిగిన హానిని నమోదు చేసే జాతీయ కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత ఫోను నంబరు ఉంది.

చివరి మెట్టు: ఇంట్లో కామెర్లు వచ్చినప్పుడు

ఈ పత్రాలన్నీ చదివి వచ్చినా, పెద్దవాళ్లు ‘పసరు పోయిస్తే పోయేదేముంది’ అంటారు. వాదన పెట్టుకోవద్దు. పరీక్షలు ముందు, పసరు సంగతి తర్వాత అని ఒప్పించండి. బిలిరుబిన్, ఎస్‌జీపీటీ (కాలేయం ఎంత దెబ్బతిందో చూపేది), పీటీ-ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూపేది), హెపటైటిస్-ఏ, హెపటైటిస్-బి, హెపటైటిస్-ఈ పరీక్షలు, కడుపు స్కానింగ్. ఐఎన్ఆర్ ఎక్కువగా ఉన్నా, మనిషి మగతగా ఉన్నా, తికమకగా మాట్లాడుతున్నా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. గర్భిణికి కామెర్లు వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు, ఆఖరి నెలల్లో హెపటైటిస్-ఈ ప్రాణాంతకం కావచ్చు. పత్యం పేరుతో పప్పు, ఉప్పు, నూనె మాన్పించి మనిషిని నీరసపెట్టొద్దు. పారాసెటమాల్ కూడా వైద్యుడిని అడిగే వేయండి. బి వైరస్ ఉన్నట్టు తేలితే ఇంట్లో అందరికీ పరీక్ష చేయించండి. లేనివారికి టీకా వేయించండి. ఉన్నవారికి టెనోఫోవిర్ లాంటి మందు అవసరమా, ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది కాలేయ నిపుణుడు చెబుతారు. ఆ తర్వాత కూడా పసరు తాగుతామంటే, అది ఏ మొక్కో, ఎన్ని రోజులు తాగారో రాసి ఉంచి ఆ చీటీని నిపుణుడికి చూపించండి.